పాత పద్ధతి ట్రయథ్లాన్: 1980ల మొదట్లో వాడిన సామానుతో రేసు పెట్టాలంటే?

ఏటిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తొలితరం ట్రయథ్లెట్లు (ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకే రేసులో చేసేవాళ్ళు) కొందరు కలిసి పాత పద్ధతిలో ఒక రేసు తలపెట్టారు. దూరాలు, సైకిళ్ళు, రూల్సు అన్నీ అప్పటివే ఉండాలంటున్నారు. కబుర్లకు కూర్చుంటే మాత్రం ఒకరి మాట ఇంకొకరితో కలవడం లేదు. ఈత ముందా పరుగు ముందా అన్న దగ్గరే వాదన ఆగిపోయింది.

సైకిలు 1983 నాటి స్టీలు ఫ్రేము. గేరు లీవర్లు డౌన్ ట్యూబు (ఫ్రేము కింది వాలు గొట్టం) మీద, వెనక 6 స్పీడు ఫ్రీవీలు (గేరు పళ్ళచక్రాల గుత్తి), ముందు పళ్ళచక్రాలు 52/42 పళ్ళవి, చక్రాలకు ట్యూబ్యులర్ టైర్ల (రిమ్ముకు జిగురుతో అంటించేవి) రిమ్ములు, పెడళ్ళకు టో క్లిప్పులు (బూటు మొనను పట్టి ఉంచే కొక్కెం, దానికో స్ట్రాపు). ముందు వాడినవాళ్ళు ఎవరో దానికి ఏరో బార్లు (మోచేతులు ఆనించి వంగి తొక్కడానికి హ్యాండిల్‌కు బిగించేవి) కూడా బిగించారు. అవి ఉంచొచ్చా? ట్యూబ్యులర్ అంటించడం తెలిసినవాళ్ళు పద్ధతి కాస్త వివరంగా రాయండి. తాగే నీళ్ళ ఏర్పాటు అప్పట్లో ఎలా ఉండేదో, ఇప్పుడు అందులో ఏది పాటించకూడదో కూడా చెప్పగలరు.

పాతలెక్కలు

ముందు ఏ ఏడాది రేసో తేల్చుకోండి. మిగతాదంతా దాన్నిబట్టే. మీవాళ్ళ మాటలు కలవకపోవడానికి కారణం కూడా అదే అయ్యుంటుంది. ఒకరు 1974 గురించి, ఇంకొకరు 1982 గురించి మాట్లాడుతుంటారు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

1974 సెప్టెంబరు 25, బుధవారం సాయంత్రం, శాన్ డియాగోలోని మిషన్ బే. శాన్ డియాగో ట్రాక్ క్లబ్ తరఫున జాక్ జాన్‌స్టోన్, డాన్ షానహన్ పెట్టిన రేసు అది. దిగినవాళ్ళు 46 మంది. పరుగు ముందు, తరవాత సైకిలు, ఈత చివర్న. పరుగు మొత్తం 6 మైళ్ళు, సైకిలు 5 మైళ్ళు, ఈత 500 గజాలు. అయితే పరుగూ ఈతా ఏకబిగిన కాదు, ముక్కలు ముక్కలుగా ఉండేవి. నీళ్ళలోంచి లేచి ఇసుకలో, గడ్డిలో చెప్పుల్లేకుండా పరిగెత్తి మళ్ళీ నీళ్ళలో దిగాలి. చీకటి పడేసరికి ఇంకా కొందరు నీళ్ళలోనే ఉంటే కార్ల హెడ్‌లైట్లు అటు తిప్పి వెలుగిచ్చారు.

చరిత్ర మీద ఎంత మోజున్నా ఆ వరస మాత్రం వద్దు. పరిగెత్తి, సైకిలు తొక్కి, ఒళ్ళు అలిసిపోయాక నీళ్ళలో దిగితే పిక్కలు పట్టేయొచ్చు. గట్టు మీద పిక్క పట్టేస్తే కూర్చుంటాం, నీళ్ళలో ఎక్కడ కూర్చుంటాం? పైగా అప్పటికి మొదటివాడికీ చివరివాడికీ మధ్య గంట ఎడం వచ్చేసి ఉంటుంది కాబట్టి లైఫ్‌గార్డులు అంతసేపూ నీటి పొడవునా కాపలా కాయాలి. ఈత మొదట పెడితే అందరూ ఒక్కసారే దిగుతారు, తాజాగా దిగుతారు, లెక్కపెట్టి బయటికి తీయొచ్చు.

1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఒవాహు దీవిలో జరిగిన మొదటి ఐరన్‌మ్యాన్‌లో ఈతే మొదలు. మిషన్ బే రేసులో పాల్గొన్న జాన్, జూడీ కాలిన్స్ దంపతుల ఆలోచన అది. అక్కడ అప్పటికే ఉన్న మూడు పోటీలను ఒకదానికొకటి కలిపారు: వైకీకీ సముద్రపు ఈత 2.4 మైళ్ళు, దీవి చుట్టూ సైకిలు, హోనలులు మారథాన్. సైకిలు రూటు అసలు 115 మైళ్ళు, రెండు రోజుల పోటీ. ఈత ముగిసే చోట మొదలై మారథాన్ మొదలయ్యే చోట ఆగేలా 3 మైళ్ళు తగ్గిస్తే 112 అయింది. ఆ అంకె వెనక శాస్త్రం ఏమీ లేదు, రోడ్డు అలా కుదిరింది అంతే. మొదలెట్టినవాళ్ళు 15 మంది, పూర్తిచేసినవాళ్ళు 12 మంది, గెలిచిన గోర్డన్ హాలర్ సమయం 11:46:58.

మీకు సరిపోయేది 1982లో మొదలైన యునైటెడ్ స్టేట్స్ ట్రయథ్లాన్ సిరీస్ కొలత. ఈత 2 కి.మీ., సైకిలు 35, పరుగు 15. ఇప్పుడు అందరికీ తెలిసిన 1.5/40/10 ఆ సిరీస్‌లోనే తరవాత స్థిరపడింది, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు వెళ్ళింది కూడా అదే.

ఈ పాత కొలత చూడ్డానికి దగ్గరగానే ఉంటుంది గానీ పంపకం వేరు. గంటకు 32 కి.మీ. తొక్కేవాడికి 35 కి.మీ.కి సుమారు 66 నిమిషాలు పడుతుంది. కిలోమీటరు 4:40 చొప్పున పరిగెత్తితే 15 కి.మీ.కి 70 నిమిషాలు. అంటే పరుగే పెద్దది. ఇప్పటి ఒలింపిక్ దూరానికి అలవాటుపడ్డవాళ్ళు సైకిలు మీద శక్తంతా ధారపోసి, పరుగులో 10 దాటాక నడక మొదలెడతారు. కటాఫ్ సమయాలు పెట్టేటప్పుడు ఇది చూసుకోండి.

(ఫ్రాన్సులో 1920ల్లోనే మూడు ఆటల పోటీ ఉండేదని ఎవరో ఒకరు అంటారు. నిజమే. అయితే 1974 నాటివాళ్ళు దాన్ని చూసి మొదలెట్టలేదు.)

జిగురుడబ్బా

ట్యూబ్యులర్ సంగతి. ఇది రేసుకు ముందురోజు రాత్రి చేసే పని కాదు, కనీసం మూడు రోజులు పెట్టుకోండి.

కొత్త టైరును జిగురేమీ లేకుండా పొడి రిమ్ము మీద ఎక్కించి, నిండా గాలి కొట్టి ఒక రోజు వదిలేయండి. టైరు సాగుతుంది. సాగని టైరును జిగురు పూసిన రిమ్ము మీద ఎక్కించబోతే చేతులకీ, సైడువాలుకీ, ఊచలకీ జిగురు అంటుతుంది గానీ టైరు మాత్రం ఎక్కదు. ఈలోగా రిమ్ము చూసుకోండి. 1983 నాటి చక్రమైతే పాత జిగురు గట్టిపడి పెచ్చులుగా ఉంటుంది. చెక్క ముక్కతో గీకి, అసిటోన్ గుడ్డతో తుడవండి. గాలి ఆడే చోట చెయ్యాలి, పక్కన నిప్పు ఉండకూడదు. అల్యూమినియం రిమ్ము కాబట్టి అసిటోన్ ఫర్వాలేదు. టైరు అడుగు గుడ్డ పట్టీకి మాత్రం అసిటోన్ తగలనివ్వకండి, పట్టీ ఊడిపోతుంది.

తరవాత రిమ్ముకు పల్చగా ఒక పూత, పట్టీకి పల్చగా ఒక పూత వేసి ఒక రోజు ఆరనివ్వాలి. మర్నాడు రెండింటికీ రెండో పూత. అదీ ఆరాక, ఎక్కించే ముందు రిమ్ముకు మాత్రం ఇంకో పల్చటి పూత వేసి, వేలు పెడితే అతుక్కుంటున్నా వేలికి అంటకుండా ఉన్న స్థితిలో ఎక్కించండి. మొదట వాల్వు రంధ్రంలో పెట్టాలి, నేల మీద చక్రం నిలబెట్టి రెండు చేతులతో టైరును కిందికి లాగుతూ రెండు వైపులా సమానంగా రావాలి. చివరి జానెడు బొటనవేళ్ళతో పైకి నెట్టి ఎక్కించాలి. కాస్త గాలి కొట్టి చక్రం తిప్పి చూడండి. పట్టీ అంచు రెండు వైపులా ఒకేలా కనబడాలి. వంకరుంటే ఇప్పుడే లాగి సరిచెయ్యాలి. తరవాత 100 పీఎస్‌ఐ దాటేదాకా కొట్టి 24 గంటలు కదపొద్దు. మర్నాడు గాలి తీసేసి బొటనవేలితో పక్కకు నెట్టి చూడండి. ఎక్కడైనా అంచు లేస్తే ఆ చక్రం రేసుకు పనికిరాదు.

అంత గోల పడి అప్పట్లో ఎందుకు వాడేవారంటే, తేలిక, ఎక్కువ గాలి పట్టడం అటుంచి, పంక్చర్ పడితే పీకి పారేసి ఇంకోటి ఎక్కించి మూడు నాలుగు నిమిషాల్లో కదలొచ్చు. లోపల లేటెక్స్ ట్యూబు ఉంటే రాత్రికి రాత్రే గాలి దిగిపోతుంది. దాన్ని చూసి పంక్చరనుకుని కంగారు పడకండి, పొద్దున్నే మళ్ళీ కొట్టుకోవాలి.

స్పేర్ టైరు గురించి అసలు గొడవ. కొత్త టైరును జిగురు లేకుండా మడిచి సీటు కింద కట్టుకుంటే, దారిలో ఎక్కించాక దాన్ని పట్టి ఉంచేది గాలి ఒత్తిడీ, రిమ్ము మీద మిగిలిన పాత జిగురూ మాత్రమే. మలుపులో ఒరిగితే టైరు రిమ్ము మీంచి దొర్లి బయటికొస్తుంది. స్పేర్‌గా ఎప్పుడూ ఒకసారి వాడిన, పట్టీ మీద జిగురు ఎండి ఉన్న టైరే పెట్టుకోవాలి. ట్రెడ్ బయటికి, జిగురు జిగురు మీదికి వచ్చేలా మడవండి. వాల్వు మొన సైడువాలుకు తగలకుండా గుడ్డ చుట్టి, టో స్ట్రాపుతోనే సీటు కింద బిగించండి. ఎక్కించాక మిగతా దూరమంతా మలుపుల్లో నెమ్మదిగా పోవాల్సిందే. వరస దిగుడులో బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ము వేడెక్కి జిగురు మెత్తబడుతుంది. కాబట్టి పట్టి, వదిలి, మళ్ళీ పట్టండి.

ఇక టో క్లిప్పులు. స్ట్రాపును పెడలు రెండు రేకుల మధ్య ఒక మెలిక తిప్పి దూర్చాలి. ఆ మెలిక లేకపోతే లాగిన ప్రతిసారీ స్ట్రాపు మొత్తం జారి బకిల్ అడుక్కి పోతుంది. బూటు మొనకూ క్లిప్పుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి.

35 కి.మీ. దూరానికి చాలామంది పరుగు బూట్లతోనే తొక్కేవారు, బూట్లు మార్చే సమయం కలిసొస్తుందని. మీరు అదే చెయ్యబోతే ఒక్క హెచ్చరిక: ఇప్పటి పరుగు బూట్ల అడుగు 35 నుంచి 40 మి.మీ. మందం. అది క్లిప్పులో దూరదు, దూరినా పక్కలకు ఉబ్బిన సోలు రేకుల్లో ఇరుక్కుని బయటికి రాదు. పల్చటి రేసింగ్ ఫ్లాట్లు తెచ్చుకోండి.

గాడి ఉన్న పాత క్లీట్లు (పెడలును పట్టుకునేలా బూటు అడుగున బిగించే పలకలు) వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్త. ఇప్పటి పెడళ్ళలా మడమ పక్కకు తిప్పితే ఊడదు. ముందు స్ట్రాపు వదులు చెయ్యాలి, పాదం పైకెత్తి వెనక్కి లాగాలి. దిగే గీతకు 100 మీటర్ల ముందే వంగి, బకిల్‌ను బొటనవేలితో బయటికి నెట్టి, నేల మీద ముందు పెట్టే కాలిది వదులు చేసుకోండి. మర్చిపోతే సైకిలు ఆగుతుంది, మనిషి పక్కకు ఒరుగుతాడు, కాలు బిగిసి ఉండటం వల్ల మోచెయ్యే నేలకు తగులుతుంది. పాత ఫొటోల్లో ట్రాన్సిషన్ (ఒక ఆట నుంచి ఇంకో ఆటకు మారే చోటు) దగ్గర పడిపోయి కనిపించేవాళ్ళలో సగం కథ ఇదే.

గేరు లీవర్లకు క్లిక్కులుండవు కదా. పక్కనున్న డి ఆకారపు రింగు బిగించి ఉండాలి. వదులైతే ఎత్తులో గట్టిగా తొక్కగానే లీవరు దానంతటదే జారి గొలుసు చిన్న చక్రం మీదికి దూకుతుంది. ఆ వాషర్ల మధ్య నూనె వెయ్యకండి, పట్టు పోతుంది.

ఫ్రీవీలు ఎంతదో మీరు రాయలేదు. వెనక పెద్దది 21 పళ్ళైతే ఆలోచించండి. 42×21లో పెడలు ఒక్క చుట్టుకు 4.2 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితేనే గంటకు 15 కి.మీ. ఎత్తులో 10కి పడిపోతే 40 చుట్లు, అది మోకాళ్ళతో తొక్కడమే, పైగా ముందింకా 15 కి.మీ. పరుగు ఉంది. 13-24గానీ 13-26గానీ వేసుకోండి. ముందు 42 కన్నా బాగా చిన్నది వేద్దామంటే, క్రాంకు 144 బీసీడీ (పళ్ళచక్రం బోల్టులున్న వలయం వ్యాసం, మి.మీ.లలో) అయితే 41 కన్నా కిందికి కుదరదు.

గాలివాటం

ఏరో బార్లు తీసెయ్యండి. బూన్ లెనన్ తయారుచేసిన స్కాట్ డీహెచ్ బార్లు 1987లో వచ్చాయి, ట్రయథ్లెట్లే ముందు అందుకున్నారు. రోడ్ సైక్లింగ్ వాళ్ళు 1989 టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజు గ్రెగ్ లెమాండ్ 8 సెకన్ల తేడాతో గెలిచేదాకా నవ్వుతూనే ఉన్నారు. 1983 సైకిలుకు అవి పెట్టి పాత పద్ధతి అంటే కుదరదు.

రూలు సంగతి పక్కన పెట్టినా, ఆ ఫ్రేముకు అవి నప్పవు. అప్పటి రోడ్డు ఫ్రేముల సీటు ట్యూబు కోణం 73 డిగ్రీల దగ్గర ఉంటుంది. మోచేతులు ఆనించి వంగితే తొడ వచ్చి పొట్టకు గుద్దుకుంటుంది, ఊపిరి ఆడదు, దిగాక నడుము నిటారుగా రాదు. సీటు ముందుకు జరిపితే తొడకు చోటు దొరుకుతుంది గానీ బరువంతా ముందు చక్రం మీద పడి హ్యాండిల్ వణుకుతుంది. డాన్ ఎంఫీల్డ్ క్వింటానా రూ పేరుతో 1989లో తెచ్చిన సూపర్‌ఫార్మ్ ఈ చిక్కు విప్పడానికి వచ్చిందే: 80 డిగ్రీలకు దగ్గరగా నిటారు సీటు ట్యూబు, ముందుకు సాగిన ఫ్రేము, 650సీ చిన్న చక్రాలు. బారొక్కటీ పెట్టుకుని ఊరుకుంటే అందులో సగమే వచ్చినట్టు.

ఇదే ఎంఫీల్డ్ 1987లో ట్రయథ్లాన్ కోసమని వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు ఈత దుస్తులు) కూడా తెచ్చాడు. కాబట్టి 1982 పద్ధతి అంటే వెట్‌సూట్ లేనట్టే. నీళ్ళు చల్లగా ఉండే చోటైతే ఈ ఒక్క రూలూ సడలించండి.

పాతలెక్కలు

గాలివాటం గారూ, చిన్న సవరణ. మోచేతులు ఆనించుకునే బారు 1987కి ముందే ఉంది. 1986లో రేస్ ఎక్రాస్ అమెరికాలో పీట్ పెన్సీరెస్ అలాంటిది వాడాడు. కాకపోతే అది ఖండం దాటే సైకిలు రేసు, ఆయన దృష్టి చేతులకు విశ్రాంతి మీద. ట్రయథ్లాన్‌లోకి 1987లోనే వచ్చిందన్న మీ మాట సరే. 1982 రేసులో వద్దన్నదీ సరే.

ఉప్పునీరు

నీళ్ళ విషయం. 1978లో నిర్వాహకుల తరఫున దారిలో ఏమీ లేదు. ఎవరి సహాయకులు వాళ్ళే, ఎవరి బండి వాళ్ళదే. రెండో స్థానంలో వచ్చిన జాన్ డన్‌బార్ సహాయకుల దగ్గర మారథాన్‌లో నీళ్ళు అయిపోయి బీరు ఇచ్చారన్నది అందరికీ తెలిసిన కథ. సరదాగా చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ ఏర్పాటుగా పనికిరాదు: సహాయకుల బండ్లు రోడ్డు నింపేస్తాయి, ఎవరు ఎంత తాగారో ఎవరికీ తెలియదు. మీ రేసులో పరుగు దారిలో ప్రతి 2 కి.మీ.కీ ఒక స్టాల్, సైకిలుకు సీసాలు, సగం దూరంలో సీసాలు మార్చుకునే చోటు చాలు.

ఇప్పుడు పాటించకూడనిది అన్నారు కదా, అది ఇదే: “దాహం వేసినా వెయ్యకపోయినా తాగుతూనే ఉండు” అన్న అప్పటి సలహా. వట్టి నీళ్ళు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి మెదడు ఉబ్బుతుంది. ఓర్పు పోటీల్లో ఇలా జరుగుతుందని 1985లో దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్ బృందం రాసేదాకా, కూలబడ్డవాడు ఎవడైనా నీళ్ళు చాలకే పడ్డాడనుకునేవారు. ఇంకా తాగించేవారు. గుర్తులు: తలనొప్పి, వికారం, వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగిసిపోవడం, తిక్కతిక్కగా మాట్లాడటం, మొదలైనప్పటికన్నా బరువు పెరగడం. అలాంటివాడికి స్టాల్‌లో నీళ్ళు పట్టొద్దని వలంటీర్లకు ముందే చెప్పండి, నేరుగా డాక్టరు దగ్గరికి పంపాలి. దాహాన్నిబట్టి తాగితే చాలామందికి గంటకు 400 నుంచి 800 మి.లీ. దగ్గర ఆగుతుంది.

రెండో వైపు తిండి. 1982 ఫిబ్రవరి ఐరన్‌మ్యాన్‌లో జూలీ మాస్ ముందుండి, గీత దగ్గర కాళ్ళు నిలవక పాకుతూ వచ్చింది. కాథలీన్ మెకార్ట్నీ ఆమెను దాటి 29 సెకన్ల తేడాతో గెలిచింది. టీవీలో అది చూసే ఎంతోమంది ఈ ఆటలోకి వచ్చారు, అందుకని దాన్ని మనోబలానికి గుర్తుగా చెబుతుంటారు. తిండి వైపు నుంచి చూస్తే మాత్రం అది ఇంధనం అయిపోయిన ఒళ్ళు. జెల్ పొట్లాలు లేని రోజులవి. పాత పద్ధతే కావాలంటే అరటిపళ్ళు, నారింజ ముక్కలు, గ్యాసు పోయేలా చిలికిన కోలా పెట్టండి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. ఓ మాదిరి అరటిపండులో ఉండేది 25 గ్రాముల చిల్లర, కాబట్టి పండొక్కటే నమ్ముకుంటే చాలదు.

బట్టలు: స్విమ్ బ్రీఫ్ ఒక్కదానితోనే మూడూ కానిచ్చేవారు. తొడలు ఒరుసుకునే చోట, చంకల్లో, మెడ వెనక వాజలీన్ పట్టించాలి. ఆ చేత్తో గాగుల్స్ ముట్టుకుంటే అద్దం మసకబారి ఈత పొడవునా ఏమీ కనబడదు, గాగుల్స్ ముందు పెట్టుకుని వాజలీన్ తరవాత. అసలు తోలు చామోయ్ (సీటుకు ఆనే చోట కుట్టే మెత్త) ఉన్న పాత సైకిలు నిక్కరు దొరికినా దాంతో ఈదకండి. తడిస్తే జారుడు, ఆరితే అట్ట.

ఏటిగట్టు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. 1982 కొలత, ఈత ముందు, ఏరో బార్లు లేవు, ఇక్కడిదాకా ఒప్పుకున్నారు. ఇంకో రెండు తగాదాలు మిగిలాయి. లుక్ కంపెనీ క్లిప్‌లెస్ పెడళ్ళు (స్ట్రాపు లేకుండా బూటు అడుగును పట్టుకుని, మడమ తిప్పితే వదిలేవి) ఒప్పుకోవచ్చా? అప్పటి తోలు హెల్మెట్లు పెట్టుకుంటామని ఇద్దరు పట్టుబడుతున్నారు. ట్రాన్సిషన్‌లో ఎవరికి ఎంత చోటు ఇవ్వాలో కూడా చెప్పండి.

జిగురుడబ్బా

లుక్ పెడళ్ళు 1984లో వచ్చాయి కాబట్టి 1982కి చెల్లవు. అయినా మోకాళ్ళు బాగోలేనివాళ్ళకు, స్ట్రాపు భయం ఉన్నవాళ్ళకు ఒప్పుకోండి. పడితే నష్టం అందరికీ.

హెల్మెట్ దగ్గర మాత్రం బేరం లేదు. తోలు పట్టీల హెల్మెట్ చెవులు గీరుకోకుండా కాపాడుతుంది, పుర్రెకు తగిలే దెబ్బను ఆపదు. 1970ల చివరి గట్టి పెంకు హెల్మెట్ దొరికినా అంతే, లోపలి థర్మకోల్ పాతబడి ఉంటుంది, పట్టీలు పురికొస మాదిరి తెగుతాయి. తోలుది ఫొటోకు పెట్టుకోమనండి, రోడ్డెక్కేటప్పుడు ఇప్పటిది.

ట్రాన్సిషన్‌కు నడుమెత్తు ఇనప పైపు ర్యాకు, సీటు మొనతో సైకిలు తగిలించుకునేలా. సైకిలుకు 75 సెం.మీ. ఎడం. పాత హ్యాండిళ్ళ బ్రేకు లీవర్ల పైనుంచి కేబుళ్ళు వంపు తిరిగి బయటికి ఉంటాయి, దగ్గర దగ్గరగా పెడితే ఒకరి కేబులు ఇంకొకరి హ్యాండిల్‌కు చుట్టుకుంటుంది. ఒక్కొక్కరికీ ఒక తువ్వాలు, కాళ్ళ ఇసుక కడుక్కోవడానికి ఒక చిన్న టబ్బు నీళ్ళు. బూట్లలో పౌడరు చల్లి, లేసుల బదులు సాగే తాడు, దానికి లాకు వేసుకోమనండి. చల్లటి నీళ్ళలోంచి వచ్చిన వేళ్ళకు ముడి పడదు. నంబరు కాగితం ఈతలో నిలవదు. చేతి మీదా పిక్క మీదా మార్కరుతో రాయండి, రాసేది వాజలీన్ పట్టించకముందే.